ఈ చెయ్యి ఎవరిది?

వదినకి,

నీ ఆడపడుచు రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం ఎక్కడున్నాం, నేనొక్కదాన్నేగా. కుట్టుమిషను కూడా బాగానే ఉంది కాబట్టి ఇద్దరం క్షేమం అనుకో. నువ్వూ అన్నయ్యా ఆ రేవు పట్నంలో కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు టైపు మిషను పట్టుకుపోయాక ఈ ఇంటికి చప్పుడు కరువైంది. నా మిషనూ నీ మిషనూ కలిసి మోగుతుంటే గోడ అవతలివాళ్లు వాన అనుకుని ఆరేసిన బట్టలు తీసేవాళ్లు, గుర్తుందా? ఇప్పుడు ఒట్టి తుంపరే. ఎవరూ బట్టలు తియ్యడం లేదు.

సరే, అసలు సంగతి. మొన్న జాకెట్టు చేతుల కొలతకి పాత పేపరు కత్తిరిస్తుంటే కత్తెర కింద ఒక ప్రకటన కనిపించింది. చదువు కోసం పోరాడేవాళ్లకి ఒక సంఘం ఏటా పురస్కారం ఇస్తుందట. తెలిసినవాళ్ల పేరు పంపమన్నారు. చెయ్యి పక్కన పడేసి నీ పేరు పంపేశాను.

ఏం రాశానో విను. “పట్టాల ఇవతల మా పేటలో బడి ఐదో తరగతితో అయిపోయేది. హైస్కూలుకి పోవాలంటే పట్టాలు దాటి కలప అడితీల మధ్య నుంచి నడవాలి. ఆడపిల్లల్ని ఎవరూ పంపలేదు. పిల్లలు చదువు మానేసి అదే అడితీల్లో బెరడు ఒలిచే పనికి పోయేవాళ్లు. అది వేరే సంగతి, పనికి పోవడానికి దారి భయం ఉండదు. మా వదిన అర్జీ మీద అర్జీ టైపు కొట్టి, ఏళ్ల తరబడి ప్రతి సోమవారం విద్యాశాఖ ఆఫీసులో కూర్చుని ఆడపిల్లలకి హైస్కూలు తెచ్చింది. నేను పక్కన కూర్చున్నాను, అంతే.”

ఆ ఆఫీసరు గురించి కూడా రాశాను, మన రేపుగారి గురించి. ఎప్పుడెళ్లినా “రేపు రండమ్మా” అన్నా, కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, మొత్తం విని మరీ అనేవాడు కదా. మంచి ముక్క ఒకటి రాస్తే పోయేదేముందని రాశాను.

సభ మీ ఊళ్లోనేనట. నువ్వు కాదనకు.

ఉంటాను మరి,
నీ ఆడపడుచు

తా.క. పురస్కారం తీసుకునేవాళ్ల వెంట ఇంకొకరు వేదిక దాకా రావచ్చట. అన్నయ్యకి సభల్లో నిద్ర ముంచుకొస్తుంది. నేను ఖాళీగానే ఉన్నాను. ఊరికే చెబుతున్నాను.

*

ఆడపడుచు గారికి,

మీ వదిన టైపు చేయునది. ఉత్తరం అందింది. చదివి తల పట్టుకున్నాను. ఎందుకంటే ఆ ప్రకటన నేనూ చూశాను. నీ పేరు నేను పంపేశాను. నీకంటే ముందే.

నా అర్జీలు ఏం సాధించాయే? అవన్నీ ఆ ఆఫీసు బీరువాలో హాయిగా పడుకున్నాయి. వాటిని లేపింది నువ్వు. ఆ రోజు వానలో ఆఫీసు మెట్ల మీద నిలబడి, బడి మానేసిన ఆడపిల్లల పేర్లు హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే పిలిచావు చూడు, నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మొదటి పేరుకి ఎవరూ పలకలేదు. రెండో పేరుకీ పలకలేదు. మూడో పేరుకి రోడ్డు మీద నుంచి ఒక తల్లి “రాలేదమ్మా” అంది. ఆ తర్వాత ప్రతి పేరుకీ ఎవరో ఒక తల్లి “రాలేదమ్మా” అంటూనే ఉంది. గుమాస్తాలు కిటికీల దగ్గరికొచ్చి నిలబడ్డారు. బడి మంజూరైంది ఆ వారమే. నేను చేసిందల్లా నీ మీద గొడుగు పట్టడం. అదీ సగం నా మీదే ఉంది.

ఇదే రాసి పంపాను. నీలాగే నేనూ రేపుగారి గురించి కూడా ఒక మంచి ముక్క రాశాను. పాపం ఎవరూ రాయరు కదా అని.

కాబట్టి నువ్వు పంపిన నా పేరు వెనక్కి తీసుకో. పురస్కారం నీకొస్తే నువ్వు ఇక్కడికి వస్తావు. మా వీధి చివర నిలబడితే ఓడలు కనిపిస్తాయి. చూపిస్తాను.

ఆశీస్సులతో,
వదిన

తా.క. మీ అన్నయ్యకి నిద్రకి సభలే అక్కర్లేదు. నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే కత్తెర దగ్గరికొచ్చేసరికే గురక పెట్టారు.

*

వదినకి,

ఇక్కడ మళ్లీ ఇద్దరం క్షేమమే.

నేను వెనక్కి తీసుకోను గాక తీసుకోను. పైగా ఆ సంఘానికి ఇంకో ఉత్తరం రాశాను. “మా వదిన పంపిన పేరు నమ్మకండి. నాకు అరవడం తప్ప ఏదీ రాదు. అరిచినందుకు ఇస్తే ముందు రైలింజనుకి ఇవ్వాలి, అది మా పేటలో నాకంటే ఎక్కువ కాలంగా అరుస్తోంది” అని.

బడి బాగా నడుస్తోంది. కొత్తగా లెక్కల పంతులమ్మ వచ్చింది. పిల్లలు సాయంత్రం గుంపులుగా నా షాపు ముందు నుంచి పోతుంటారు. వాళ్ల యూనిఫారాలన్నీ నా చేతి కుట్టే కాబట్టి, వెనక నుంచి చూసి ఎవరు పొడుగయ్యారో చెప్పగలను. నీకు చెబుదామని పక్కకి తిరుగుతాను. బట్టల తాను ఉంటుంది.

ఒకటి చెబితే నవ్వకూడదు. సోమవారం వస్తే ఇప్పటికీ పొద్దున్నే తయారై, మంచి బట్టలు వేసుకుని, గుమ్మం దాకా వస్తాను. అక్కడ గుర్తొస్తుంది, అడిగింది ఇచ్చేశారు కదా అని. ఇంకేం అడగాలో తెలీదు. అలాగే కాసేపు నిలబడి లోపలికొచ్చి మిషను తొక్కుకుంటాను. సోమవారం కుట్టిన కుట్లు వంకరగా వస్తున్నాయి. కస్టమర్లు కనిపెట్టేశారు.

ఇట్లు,
పురస్కారం అక్కర్లేని నీ ఆడపడుచు

తా.క. వాళ్లు నీ ఫోటో అడిగారు. దాని సంగతి నేను చూసుకున్నాను, నువ్వు కంగారు పడకు.

*

ఆడపడుచుకి,

వదిన రాయునది. కులాసా ప్రశ్నలు ఈసారికి వద్దు.

సంఘం కార్యదర్శి నుంచి ఉత్తరం వచ్చింది. దాంట్లో నువ్వు పంపిన ఫోటో పెట్టి, ఇలా రాశాడు. “అమ్మా, మీ ఫోటో అందింది. అందులో మీ ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యి తప్ప మనిషి లేరు. ఈ చెయ్యి ఎవరిది? ఈ చేతికి ఉద్యమంతో ఏమైనా సంబంధం ఉందా? తెలియజేయగలరు.”

అది బడి తెరిచిన రోజు గేటు ముందు దిగిన ఫోటో. మనిద్దరం కలిసి ఉన్నది అదొక్కటే. ఇక్కడికి తెచ్చుకుంటానంటే నువ్వు ఇవ్వలేదు. “నా దగ్గరే ఉండాలి” అన్నావు. నీ దగ్గర ఉంచుకున్నది దీనికా? కత్తెర పట్టుకుని నా పక్క నుంచి తప్పుకోవడానికా?

మేం ఊరు మారామని నీకు కోపం ఉంటే నోటితో చెప్పు. నీకు నోరు లేదని ఎవరూ అనరు. నేను ఆ ఫోటో చూస్తూ కూర్చుంటే అన్నం పొయ్యి మీద మాడిపోయింది. మీ అన్నయ్య ఆ మాడిన అన్నమే తిన్నారు.

కార్యదర్శికి తగిన జవాబు రాసి పడేశాను.

వదిన

తా.క. చెయ్యి మాత్రం బాగా పడింది. చిటికెన వేలి మీద సూది గుచ్చుకున్న మచ్చ కూడా కనిపిస్తోంది.

*

మహారాజశ్రీ వదినగారికి,

తగిన జవాబా? ఆ తగిన జవాబు నాకూ అందింది. కార్యదర్శి రాశాడు, “ఈ విషయంలో తనకు ఏ సంబంధమూ లేదని మీ వదినగారు తెలియజేశారు” అని. ఏ సంబంధం లేదు వదినా? బడితోనా, నాతోనా? అన్నయ్యని చేసుకున్న రోజు నుంచి మొన్నటిదాకా ఒకే కప్పు కింద ఉన్నాం. సంబంధం లేకుండానే ఉన్నామా?

ఫోటో సంగతి చెబుతాను విను. అందులో నువ్వు చక్కగా గేటు వైపు చూస్తున్నావు. నేను ఏదో అరుస్తూ నోరు బావిలా తెరిచి ఉన్నాను. ఆ నోటిని పక్కన పెట్టుకుంటే నీకు పురస్కారం ఎవడిస్తాడు? అందుకని నన్ను నేనే కత్తిరించి పడేశాను. చెయ్యి కూడా తీసేద్దామని చూశాను. తీస్తే నీ భుజం తెగుతుంది. ఎంత బట్ట కత్తిరించాను, ఎన్నడూ కత్తెర ఆగలేదు. అక్కడ ఆగింది. వదిలేశాను.

కోపం గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఉంది. మీరు వెళ్లే రోజు రైలెక్కుతూ “నువ్వూ రాకూడదా” అన్నావు. ఒక్కసారి. నేను రాను అన్నాను. మిషను ఉంది, షాపు ఉంది, కస్టమర్లున్నారు అన్నాను. మొదటిసారి అడగ్గానే ఎగిరి గంతేసి వచ్చేస్తానని ఎవరైనా అంటారా? మనిషికి మొహమాటం ఉండదా? రెండోసారి అడుగుతావని చూశాను. నువ్వు లోపలికెళ్లి పెట్టెలు సర్దుకుంటూ కూర్చున్నావు. రైలు కదిలింది. ఇంకా అడుగుతావేమో అని దాంతోపాటు కొంత దూరం నడిచాను కూడా. నువ్వు చెయ్యి ఊపావు. నన్ను చూసి ఊపావనుకున్నాను, సంబంధం లేనిదానివని తెలీక.

ఇట్లు,
ఏ సంబంధమూ లేని నీ ఆడపడుచు

తా.క. కోపంతో రాశాను కాబట్టి అక్షరాలు పెద్దవిగా వచ్చాయి. చూపు ఆనడం లేదని అంటుంటావుగా, నీకే సుఖం.

*

నా తల్లీ,

వదిన రాయునది. నీ ఉత్తరం మీ అన్నయ్య తీసుకుని చదివారు. చివరి దాకా చదివారు. మెలకువగా.

నేను కార్యదర్శికి రాసింది ఇదీ. “ఆ చెయ్యి మా ఆడపడుచుది. ఉద్యమం అంటే ఆ చెయ్యే. పురస్కారం దానికివ్వండి, పురస్కారంతో నాకు ఏ సంబంధమూ లేదు.” అతను ముందువి రెండూ మింగేసి తోక నీకు పంపాడు. అతనికి జీవితంలో అర్జీ రాసే పని పడాలని కోరుకుంటున్నాను.

రైలు దగ్గర సంగతి అంటావా. నువ్వు “రాను” అన్నది ఎంత గట్టిగా అన్నావో నీకు తెలుసా? మూటలు మోసేవాళ్లు మూటలు దించి చూశారు. పక్క పెట్టెలో పసివాడు ఏడుపు ఆపేశాడు. అంత గట్టిగా అన్నది మొహమాటమని నేనెలా అనుకుంటాను? మొహమాటం సన్నగా ఉంటుందమ్మా. మళ్లీ అడిగితే నీ మిషనునీ నీ షాపునీ చులకన చేసినట్టు అవుతుందేమో అని నోరు మూసుకున్నాను. పెట్టెలు సర్దుతున్నట్టు కనిపించానా? నీకు మొహం కనపడకూడదని వంగాను.

ఇంకో వార్త. పురస్కారం ఎవరికొచ్చిందో తెలుసా? కూర్చుని చదువు. రేపుగారికి.

నిజం. నిర్ణయం కాగితం నా ముందే ఉంది. “వచ్చిన రెండు ప్రతిపాదనలూ ఒకదాన్నొకటి ఖండించుకున్నాయి. మొదటావిడ ఏమీ చేయలేదని చెప్పింది రెండో ఆవిడ కాదు, స్వయంగా మొదటావిడే. రెండో ఆవిడా అంతే. రెండూ ఏకీభవించిన విషయం ఒక్కటే. ఒక అధికారి ఏళ్ల తరబడి ఉద్యమకారులకు కుర్చీ వేయించి ఓపిగ్గా విన్నారు. అటువంటివారు అరుదు.”

మనిద్దరికీ ప్రేక్షకులుగా ఆహ్వానం పంపారు. రమ్మని నేను అడగను. అడిగితే రానంటావు.

నీ వదిన

తా.క. ఆయనకి మంచినీళ్ల గ్లాసుతో సహా ఆ పురస్కారం తెచ్చిపెట్టింది మనమే. ఇంతకాలం మనం ఎవరి కోసం పోరాడామో ఇప్పుడు తెలిసింది.

*

వదినకి,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే గదిలో పడీ పడీ నవ్వాను. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది. గోడ అవతలావిడ వచ్చి ఎవరికేమైందని అడిగింది. రేపుగారికి పురస్కారం వచ్చిందని చెప్పాను. పాపం ఆవిడకి ఏమీ అర్థం కాక ఓదార్చి వెళ్లింది.

సంబంధం సంగతి వదిలేద్దాం. నా మాట వెనక్కి తీసుకున్నాను. ఇదొక్కటి తీసుకుంటాను.

సభకి నేను రాను. బడిపిల్లల యూనిఫారాల పని నెత్తిన ఉంది. ఈ ఏడు ఆడపిల్లలు ఇంకా ఎక్కువమంది చేరారు, నీలం బట్ట దొరకడం లేదు. అయినా మెట్ల మీద వానలో నిలబడింది మనం, వేదిక మీద ఫ్యాను కింద నిలబడేది ఆయన. అది చూస్తే నా నోరు ఊరుకోదు. నువ్వెళ్లి, ఆయన ఏం మాట్లాడాడో, మొహం ఎలా పెట్టాడో వివరంగా రాయి.

దిగులేమీ లేదు. బాగానే ఉన్నాను.

నీ ఆడపడుచు

తా.క. “రమ్మని అడగను” అని రాశావు చూడు, అదీ ఒక్కసారే రాశావు.

*

నా ఆడపడుచుకి,

వదిన టైపు చేయునది. మీ అన్నయ్య పక్కన కూర్చుని ఏదీ వదలకుండా రాయమంటున్నారు.

సభకి వెళ్లాం. గోదాముల వెనక హాలు, సగం కుర్చీలు ఖాళీ. నా పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి, ఎవరైనా వస్తే మనిషి వస్తారని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలీదు. చివరిదాకా సంచే కూర్చుంది.

రేపుగారు రిటైరయ్యారు, తెలుసా? జుట్టంతా తెల్లబడింది. ఫలకం చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది నాకెందుకిచ్చారో నాకు అర్థం కాలేదు” అన్నారు. హాలంతా వినయం అనుకుని చప్పట్లు కొట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“నిజంగానే అర్థం కాలేదు. బడి తెచ్చింది ఇద్దరు ఆడవాళ్లు. పై నుంచి అనుమతి లేదు, లేదని చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకని రేపు రమ్మనేవాణ్ని. ఒకరోజు వానలో ఒకావిడ మెట్ల మీద పిల్లల పేర్లు పిలుస్తున్నారు. గోల వినపడుతోంది, తలుపు మూయనా అని బంట్రోతు అడిగాడు. వద్దన్నాను. పై ఆఫీసరు నా గదిలోనే ఉన్నాడు, ఆయన్ని వినమన్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసింది అది. తలుపు మూయకపోవడం.”

నేను ఏడ్చాను. మన రేపుగారికి అంత మాట వచ్చునని ఎప్పుడైనా అనుకున్నామా?

సభ అయ్యాక బయట టీ ఇచ్చారు. నన్ను గుర్తుపట్టి గబగబా వచ్చారు. చుట్టూ చూసి, “రెండో ఆవిడ ఏరి?” అన్నారు.

“రాలేదండి. ఆ ఊళ్లోనే ఉండిపోయింది.”

“ఒక్కరేనా? మీరు పిలవలేదా?”

“పిలిచానండి. రానంది.”

“ఎన్నిసార్లు పిలిచారు?”

“ఒకసారి.”

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. “ఒక్కసారా! ఏమ్మా, నేను మీకు ఎవర్నని ఏళ్ల తరబడి ప్రతి సోమవారం నా దగ్గరికొచ్చారు? రేపు రమ్మంటే సోమవారానికల్లా మళ్లీ వచ్చి కూర్చునేవారు. నేను కాదన్నకొద్దీ ఇంకా వచ్చేవారు. పరాయివాణ్ని, నన్ను అన్నిసార్లు అడిగి, ఇంట్లో మనిషిని ఒక్కసారి అడిగి ఊరుకున్నారా?”

మీ అన్నయ్య పక్కనుంచి “అదే నేనూ అంటున్నా” అన్నారు. ఎప్పుడన్నారో దేవుడికే తెలియాలి.

ఇంటికి రాగానే వీధి వైపు గదిలో ఉన్న మంచం మీ అన్నయ్యా నేనూ కలిసి లోపలికి జరిపాం. అక్కడ మంచి వెలుగు పడుతుంది, కిటికీ కింద నీ మిషను సరిగ్గా పడుతుంది. పక్కనే నా టైపు బల్ల. మధ్యలో మనిషి నడవడానికి చోటు లేదు కానీ, మనం పెద్దగా నడిచేవాళ్లం కాదుగా.

అందుకని అడుగుతున్నాను. వచ్చేయి. యూనిఫారాలు కుట్టేసి రా, పిల్లల్ని తక్కువ చెయ్యమనను. రానంటావు, తెలుసు. అను. వచ్చే సోమవారం మళ్లీ రాస్తాను. ఆ పై సోమవారం కూడా. నువ్వు ఎంత గట్టిగా అన్నా నేను ఇక మొహమాటం కింద జమకట్టేస్తాను.

ఎదురుచూస్తూ,
నీ వదిన

తా.క. ఇక్కడ మా వీధి బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. పిల్లలు మధ్యాహ్నం ఇంటికెళ్లి మళ్లీ రావడం లేదు. అర్జీ టైపు కొట్టి ఇక్కడి ఆఫీసుకి తీసుకెళ్లి చదివాను. గుమాస్తా తలెత్తకుండానే, “ఏంటమ్మా, ఏం వినపడ్డం లేదు” అన్నాడు. మళ్లీ చదివాను. మళ్లీ అదే మాట. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, “వినపడేట్టు చెప్పే మనిషి ఊరి నుంచి వస్తోంది, ఆవిడతో చెప్పిస్తాను” అని చెప్పి వచ్చేశాను.